వేలు తియ్యి వదినా!

మొన్న శనివారం మా పెద్దమ్మ కొడుకు ఇంటికెళ్ళా. విజయవాడ, మిట్టమధ్యాహ్నం, వైశాఖం ఎండ. చేతిలో బంగినపల్లి కాయల సంచి. అన్నయ్య కొత్తగా రేకు గేటు పెట్టించి, దానికో మాట్లాడే నల్ల డబ్బా బిగించాడు. వైరు ఉండదట, గోడలు కొట్టక్కర్లేదట, అంతా రేడియో మీదే నడుస్తుందట. సరే, బటన్ నొక్కా. "ఎవరూ?" అంది వదిన గొంతు. పేరు చెప్పా. "ఎవరూ?" మళ్ళీ చెప్పా. "ఎవరండీ, పలకరేం?" అని ఎదురు ఆవిడే విసుక్కుంది! ఇక లాభం లేదని రేకు మీద అరచేత్తో దబదబా బాదా. అప్పుడు పరుగెత్తుకొచ్చింది, "అయ్యో, నువ్వా!" అంటూ.

చల్లటి మంచినీళ్ళు తాగాక, ఆ డబ్బాకి జోడీగా ఇంట్లో ఉన్న పెట్టె సంగతి చూశా. బటన్ నొక్కి పట్టుకుంటేనే మన మాట బయటికెళ్తుంది. వదిలేస్తేనే బయటి మాట లోపలికొస్తుంది. పోలీసుల వాకీటాకీ ఎలాగో ఇదీ అంతే, ఒకసారికి ఒక్కళ్ళే మాట్లాడాలి. మా వదిన అడిగినంతసేపూ నొక్కింది, జవాబు కోసం చూసినంతసేపూ కూడా నొక్కే ఉంచింది. మరి నా పేరు ఎలా వినబడుతుంది?

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు చూశారూ, ఆ సామెత అక్కడే గుర్తొచ్చింది. పాత రోజుల్లో ఎవరైనా వస్తే "ఎవరూ" అంటూనే అడిగేవాళ్ళు గుమ్మంలోకి వచ్చేసేవారు. వచ్చినవాడి మొహం కనబడేది, చెమట కనబడేది, చేతిలో బరువు కనబడేది. అతను నోరు విప్పకముందే సగం సంగతి తెలిసిపోయేది. ఎదురెదురుగా నిలబడితే ఎంత లోకువైనా కాస్త తగ్గుతుంది మరి. ఇప్పుడో? అడిగేవాడు ఏసీ గదిలో, చెప్పేవాడు కాలుతున్న రేకు పక్కన. పైగా చెప్పేవాణ్ణి చెప్పనిచ్చే బటన్ కూడా అడిగేవాడి వేలికిందే! ఆ సామెత పుట్టిననాడు ఎవరికైనా ఈ వేలు తట్టి ఉంటుందా?

అన్నయ్య మాత్రం డబ్బా మీద ఈగ వాలనివ్వడు. "వెయ్యి మీటర్లు పనిచేస్తుందని అట్టపెట్టె మీదే రాశారు" అంటాడు. అది అడ్డూ ఆపూ లేని మైదానంలో లెక్క అన్నయ్యా. ఇక్కడ గేటుకీ హాలుకీ మధ్య ఉన్నది 40 అడుగులే గానీ, దారిలో రెండు గోడలు, ఇనుప చువ్వలు వేసిన స్లాబు ఉన్నాయి. అన్నిటికంటే ముందు, నువ్వా డబ్బాని తీసుకెళ్ళి రేకుకే బిగించావు. ఇనుమును ఆనుకుని యాంటెన్నా ఉంటే సిగ్నల్ ఎలా పోతుంది? పక్కనున్న ఇటుక పిల్లరుకి మారిస్తే గొంతుతోపాటు వచ్చే గరగర కాస్త తగ్గుతుంది. కొనేముందు ఏ ఫ్రీక్వెన్సీ మీద నడుస్తుందో కూడా అడగాలి. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా 2005లో లైసెన్సు అవసరం తీసేశారు, చిన్న వాకీటాకీలకి 446 దగ్గర కాస్త చోటు 2018లో ఇచ్చారు. అదీ ఇంత శక్తి దాటకూడదనే షరతు మీదే.

ఇంటికొచ్చి ఇదంతా పక్కింటి పిన్నిగారికి చెప్పా. వాళ్ళాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ నవ్వి, "మీ బాబాయిగారు డ్రైవరుతో వాకీటాకీలో మాట్లాడి మాట్లాడి, ఇంట్లో కూడా 'పప్పు బావుంది, ఓవర్' అనేవారమ్మా" అంది. నేనూ నవ్వా. అంతలో ఆవిడే, "ఓవర్ అంటే నా మాటైంది, ఇక నీ మాట వింటున్నా అని. ఆ ఒక్క ముక్క అనకపోతే బండి కదలదు" అంది.

నా మాటైంది, ఇక నీ మాట వింటున్నా. రాత్రంతా ఆ ముక్కే బుర్రలో తిరిగింది. ఇంట్లో పెద్దలం పిల్లలతో అంటున్నామా? మొగుడూ పెళ్ళాలు అనుకుంటున్నారా? ఇంకొకటి కూడా నిద్ర పట్టనివ్వలేదు. కోపం చల్లారాక చెబుదామని ఇందాకట్నించీ ఆగా. చల్లారలేదు, చెప్పేస్తున్నా.

నేనక్కడుండగానే గ్యాసబ్బాయి వచ్చాడు. బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము ఇంకో పదిహేను పైచిలుకు, రెండూ కలిస్తే ముప్ఫై. అది భుజమ్మీద. కిటికీలోంచి నాకు కనబడుతూనే ఉన్నాడు, మెడ ఒక పక్కకి వంచి, డబ్బాకి నోరు ఆనించి ఏదో చెబుతున్నాడు. లోపల వదిన "ఎవరూ? ఎవరూ?" అంటూనే ఉంది. దించితే మళ్ళీ ఎత్తుకోవాలి, అందుకని దించడం లేదు. ఏం మనుషులమండీ మనం? గుమ్మందాకా నడిచే ఓపిక మనకి లేదని ముప్ఫై కిలోలతో ఒక మనిషిని ఎండలో నిలబెడతామా? నిలబెట్టి, పలకడం లేదని విసుక్కుంటామా? ఇలాగైతే డబ్బా ఎందుకు, పీకి అవతల పారెయ్యండి! ఉంచుకుంటే మాత్రం ముందు "వస్తున్నా, ఆగు నాన్నా" అనండి, అని వేలు తీసెయ్యండి. ఎంతసేపు పడుతుంది?

నేనే లేచి వెళ్ళి వదిన వేలు పట్టుకుని బటన్ మీంచి తీశా. గరగరమంటూ వచ్చింది అతని గొంతు:

"ఇందాకట్నించీ గ్యాసనే చెప్తున్నానమ్మా..."