అమానత్ ఎవరి చేతిలో పెడుతున్నాం?

"ఆయన పాంచ్ వఖ్త్ నమాజీ. మన పైసలకు ఏం ఫికర్?" పైసలు ఎక్కడ పెట్టాలన్న మాట వస్తే చాలు, మన ఇళ్లల్లో ఈ మాటే వినిపిస్తుంది. నమాజు ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య సంగతి. పైసల హిసాబ్ మాత్రం ఆయనకూ మనకూ మధ్య సంగతి. ఈ రెండింటినీ కలిపేసే మన జమాత్ చాలా నుక్సాన్ చూసింది.

2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు హీరా గ్రూప్ అధినేత్రిని అరెస్టు చేశారు. ఏడాదికి 36 శాతం దాకా మునాఫా ఆశ చూపారన్నది ఆరోపణ. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ యజమాని దుబాయ్ వెళ్లిపోయాడు, జులైలో ఢిల్లీలో దిగగానే ఈడీ పట్టుకుంది. రెండు చోట్లా వినిపించిన మాట ఒక్కటే: హలాల్. సూద్ వద్దనుకున్న బేవాలు, బిడ్డ షాదీకి దాచిన తల్లులు, గల్ఫ్‌లో చెమటోడ్చిన అన్నలు ఆ ఒక్క మాటకే చేతిలో ఉన్నదంతా పెట్టారు.

అసలు హలాల్ తిజారత్ అంటే ఏమిటి? ముదారబాలో మునాఫా వస్తే ముందు ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. నుక్సాన్ వస్తే పెట్టుబడి పెట్టినవాడు భరిస్తాడు. అలాంటప్పుడు "లక్షకు నెలకింత పక్కా" అని ఎవరైనా అంటే అది మార్కెట్ లెక్కకూ నిలవదు, మజహబ్ లెక్కకూ నిలవదు. ఈ ఒక్క సవాల్ అడిగి ఉంటే ఎన్నో ఇళ్లు నిలబడేవి.

మనం చేస్తున్న గల్తీ ఇదీ: ఏజెంటును మజహబ్ గురించి అడుగుతాం, మౌలానాను మార్కెట్ గురించి అడుగుతాం. ఇది తిరగబడాలి. ఫలానా పెట్టుబడి జాయజా కాదా అన్నది ఆ స్కీముతో లావాదేవీ లేని ఆలిమ్‌ను అడగండి. మన ఆమదనీకి, ఉమ్రుకు, జిమ్మేదారీలకు అది సరిపోతుందా అన్నది చదువుకున్న సలహాదారును అడగండి.

ఆ సలహాదారును ఎలా పోల్చుకోవాలి? సెబీ దగ్గర రిజిస్టరైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కు ఐఎన్‌ఏతో మొదలయ్యే నంబరు ఉంటుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరూ నంబరూ మీరే చూసుకోవచ్చు. ఇంట్లో ఇంటర్ చదివే బిడ్డకు చెప్పినా చూసి పెడుతుంది. ఏఆర్‌ఎన్ నంబరు ఉన్నవాళ్లు మ్యూచువల్ ఫండ్లు అమ్మేవాళ్లు, వాళ్లకు కమీషన్ ఫండ్ సంస్థ నుంచి వస్తుంది. బీమా ఏజెంటుకు మన ప్రీమియంలోంచే వస్తుంది. అమ్మడం ఐబ్ కాదు. కానీ దుకాణ్‌దార్‌ను హకీమ్ అనుకుంటేనే ముసీబత్.

అడ్వైజర్ ఫీజు మన దగ్గరే తీసుకుంటాడు. ఇక్కడే మనోళ్లు వెనక్కి తగ్గుతారు: "మాట చెప్పడానికి కూడా పైసలా?" ముఫ్త్‌గా వచ్చే మష్వరా ఖర్చు ఎక్కడో దాక్కుని ఉంటుంది. ఫీజు కళ్లెదుట కనిపిస్తుంది, అంతే తేడా. నెలకు వెయ్యి, రెండు వేలు దాచే ఇంటికి ఏటా ఫీజు భారమే, ఒప్పుకుంటాను. అలాంటివాళ్లు ఒక్కసారి ఫీజు కట్టి ప్లాన్ రాయించుకున్నా చాలు. అదీ కుదరకపోతే అర్థం కాని చోట పైసా పెట్టకుండా ఉండటం కూడా అక్లమందే.

ఎవరి దగ్గరికెళ్లినా నాలుగు సవాళ్లు మరవొద్దు. మీకు పైసలు ఎవరిస్తారు? నుక్సాన్ వస్తే ఎంత దాకా రావచ్చు? నా పైసలు నాకు కావాలంటే ఎన్ని రోజుల్లో వస్తాయి? చెక్కు ఎవరి పేరు మీద రాయాలి? నాలుగోదానికి "నా పేరు మీదే" అనే జవాబొస్తే సలామ్ చెప్పి లేచి రండి. మంచి సలహాదారు మన పైసలు తన ఖాతాలో వేసుకోడు, మునాఫాకు గ్యారంటీ ఇవ్వడు, రాతకోతలకు ఇబ్బంది పడడు.

కాగజ్ అడిగితే బద్‌గుమానీ అవుతుందని షరమ్ పడేవాళ్లు మనలో ఎందరో! ముఖ్యంగా చుట్టాలబ్బాయో, మస్జిద్‌లో పక్కన నిలబడే భాయో అయితే నోరు పెగలదు. కానీ అప్పు లావాదేవీలు రాసుకోమని, గవాహీలను పెట్టుకోమని చెప్పే సూరె బఖరా 282వ ఆయత్ ఖురాన్ మొత్తంలోకే పొడవైనది. అది చెప్పింది పరాయివాళ్లతో లావాదేవీలకు మాత్రమే కాదు. రాసి ఇవ్వమంటే నిజాయితీపరుడు నారాజ్ కాడు. నారాజ్ అయ్యాడంటే మీ పైసలు ఇంకా మీ దగ్గరే ఉన్నందుకు షుకర్ చేయండి.