నడుస్తూ లెక్క చెప్పగలరా?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. బడి ఆవరణలో 10 మీటర్ల ఎడంగా రెండు గీతలు గీయండి. ఒక గీత నుంచి రెండో గీతకు మామూలుగా నడిచి, ఎన్ని సెకండ్లు పట్టిందో రాసుకోండి. తర్వాత 100 నుంచి 7 చొప్పున తీసివేస్తూ 93, 86... అని పైకి చెబుతూ నడవండి. చాలామందికి ఈసారి ఎక్కువసేపు పడుతుంది. కొందరు మధ్యలో ఆగే పోతారు. నడక దానంతటదే సాగిపోతుందనుకుంటాం గాని, దానికీ మెదడు కొంత ధ్యాస పెట్టక తప్పదన్నమాట.

సైన్సు మాస్టారినై ఉండీ ఈ సంగతి నేనొకసారి మరిచాను. రక్త కాన్సరుకు చికిత్స పొంది తిరిగి బడికి వచ్చిన కుర్రవాణ్ణి వరండాలో నడుస్తుండగా ఒక ప్రశ్న అడిగాను. వాడు ఆగి, గోడ పట్టుకుని, అప్పుడు జవాబు చెప్పాడు. "నడుస్తూ చెప్పలేవూ? ఏమిటా బద్ధకం?" అన్నాను. జవాబు మాత్రం సరైనదే.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే కాన్సరు ఇదే. అమినోప్టెరిన్ అనే మందుతో ఇది కొంతకాలమైనా వెనుకంజ వేస్తుందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. ఆ మందు తయారైంది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలోని పరిశోధనశాలలోనే! నేడు వాడే మరో ముఖ్యమైన మందు విన్‌క్రిస్టిన్. అది మా చోడవరం పెరళ్ళలోనూ పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. (ఆకు నమిలి చూడకండి, విషం సుమా!) మంచి వైద్యం సకాలంలో అందినచోట ఈ పిల్లల్లో ఎక్కువమంది బతుకుతున్నారు.

అయితే విన్‌క్రిస్టిన్‌తో ఒక చిక్కుంది. కణం రెండుగా చీలడానికి కావలసిన అతి సన్నని గొట్టాలను అది కట్టనివ్వదు. అందువల్లే కాన్సరు కణం చస్తుంది. కాని అలాంటి గొట్టాలే మన నాడుల్లో రైలు పట్టాల్లా ఉండి, సరుకు చేరవేతకు దారి ఇస్తాయి. అందులోనూ పొడవైన నాడులు, అంటే పాదాలదాకా సాగేవి, ముందుగా దెబ్బతింటాయి. పాదం ముందుభాగం వాలి నేలకు తగులుతుంది, అరికాలు మొద్దుబారుతుంది. చాలామందికి క్రమంగా నయమవుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది. అరికాలు అందించని కబురును ఆ పిల్లవాడు కంటితో, ధ్యాసతో పూడ్చుకోవాలి. ఇక లెక్కకు మిగిలే ధ్యాస ఎంత?

అందుచేత అలాంటి పిల్లల తరగతి మేడమీద ఉండకూడదంటాను. గది మారడానికి గంటకు ముందే వదలాలి. ప్రశ్నలేవో కూర్చున్నాక అడగాలి. అలాగని డ్రిల్లు పీరియడులో ఓ మూల కూర్చోబెట్టడమూ నాకు నచ్చదు. డాక్టరు ఒప్పుకున్న మేరకు ఆడనివ్వాలి. ఇదంతా పక్షపాతమని ఒకరిద్దరు గొణుగుతారు. చూపు ఆననివాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెడితే ఎవరైనా గొణుగుతున్నారా?

మీ తరగతిలో అలాంటి మిత్రుడుంటే, అడిగి అతని సంచీ మోయండి. పక్కనే నడవండి. కబుర్లు మాత్రం చెట్టుకింద కూర్చున్నాక మొదలుపెట్టండి.