నెట్ స్విచ్ ఎవరి చేతిలో?

బొబ్బిలి కోట దగ్గర బండి మీద టీ తాగారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు. చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. డేటా ప్యాక్ అయిపోలేదు, టవర్ పాడవలేదు. పైనుంచి ఆపేశారు! అప్పుడు ఎవర్ని అడుగుతారు?

ఇంటర్నెట్ అంటే యజమాని లేని ఊరు అనుకుంటాం. కొంతవరకు నిజమే. ప్రపంచంలోని వెబ్‌సైట్ల పేర్లు, చిరునామాల పట్టీని చూసుకునేది ఐక్యాన్ అనే సంస్థ. దాని మీద అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ ఉండేది. 2016 అక్టోబర్ 1తో అది పోయింది. ఆ మరుసటి నెలే ఐక్యాన్ సమావేశం మన హైదరాబాద్‌లో జరిగింది. అమెరికా తప్పుకుంటే మిగతా ప్రభుత్వాలు పట్టు బిగిస్తాయేమోనని అప్పట్లో చాలామంది భయపడ్డారు. కానీ అక్కడ ప్రభుత్వాలకు ఇచ్చింది సలహాలు చెప్పే కుర్చీయే.

సరే, ప్రపంచం సంగతి అలా ఉంచండి. మన ఫోన్ దాకా వచ్చే దారి మాటేంటి? దాన్ని ఆపమని ఆదేశం ఇచ్చే అధికారం మన రాష్ట్రంలో హోం శాఖ కార్యదర్శిది.

కోనసీమ గుర్తుందా? 2022 మే 24. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో అమలాపురం భగ్గుమంది. మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబెట్టారు. మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. వాట్సాప్ పుకారు ఎంత వేగంగా పాకుతుందో తెలుసు కాబట్టి, మొదటి రోజు నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. కానీ కొన్ని మండలాల్లో అది దాదాపు రెండు వారాలు సాగింది. రాళ్లు వేసినవాడికీ, ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాడికీ, ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టాల్సిన అమ్మాయికీ ఒకటే శిక్ష!

గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదని, ఆదేశాన్ని ప్రచురించాలని కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10నే చెప్పింది. 2024 నవంబర్‌లో వచ్చిన కేంద్ర నిబంధనలూ అంతే. కారణం రాయాలి, ఏ ప్రాంతమో చెప్పాలి, ఒక ఆదేశం 15 రోజులు దాటకూడదు.

బాగానే ఉంది. కానీ ఆ ఆదేశాన్ని వెబ్‌సైట్‌లో పెడితే నెట్ లేనివాడు ఎలా చదువుతాడండీ? పేపర్లో వేయమని, తహసీల్దారు ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించమని మనమే అడగాలి.

విశాఖకు సముద్రం అడుగు నుంచి కేబుళ్లు తెస్తామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అవి వస్తే మంచిదే. అయితే ఎంత పెద్ద కేబుల్ వచ్చినా, మన వీధి దాకా రాకుండా ఆపడానికి ఒక్క సంతకం చాలు.

కాబట్టి ఈసారి నెట్ ఆగితే ఫోన్ రీస్టార్ట్ చేసి ఊరుకోకండి. ఆదేశం ఎక్కడ, కారణం ఏంటి, ఎప్పటిదాకా అని అడగండి. ఈలోగా టీ డబ్బులకి జేబులో ఓ పది రూపాయల నోటు ఉంచుకోండి.