బంతికి ప్రాణం ఎలా వచ్చింది?



మొన్న సెలవులకు మా మనవరాలు వచ్చింది. వచ్చిన నాటినుంచీ దాని చేతిలో ఫోనే. నేను అలవాటు ప్రకారం నాలుగు చీవాట్లు పెట్టాను. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెప్పినవాడికి ఈ అలవాటు పింఛను తీసుకున్నా పోదు. అది ఎదురు చెప్పకుండా వచ్చి నా కుర్చీ చేతిమీద కూర్చుని, "తాతయ్యా, ఈ ఒక్కటీ చూడు. నీకు నచ్చకపోతే ఫోను తీసుకుని బీరువాలో పెట్టెయ్యి," అన్నది.

సరే, చూశాను. అది పాత నలుపు తెలుపు ఫిల్ము. ఒకాయన చూపుడువేలికి చెక్కబంతి ఒకటి తొడుక్కున్నాడు. అదే బొమ్మ తల. అటూ ఇటూ ఉన్న వేళ్ళే దాని చేతులు. బొమ్మకు బట్టలు లేవు, కళ్ళు లేవు, ముక్కూ నోరూ లేవు. ఆ బంతి రెండో చేతి బంతివైపు మెల్లిగా తిరిగింది. కాసేపు ఆగింది. తరవాత తల దించుకున్నది. అయ్యో పాపం, అనుకున్నాను! మరుక్షణమే నాకు నవ్వు వచ్చింది. ముఖమే లేని బంతి చిన్నబుచ్చుకున్నదని నాకు ఎవరు చెప్పారు?

ఆ వేళ్ళ ఆసామి పేరు సెర్గేయ్ ఒబ్రజ్‌త్సోవ్. 1901లో పుట్టి 1992లో పోయాడు. మాస్కోలో 1931లో పెట్టిన బొమ్మల నాటకశాలను ఎన్నో ఏళ్ళు నడిపినవాడు. ఫోను బీరువాలోకి పోలేదని వేరే చెప్పాలా? ఆ వారమంతా రోజూ భోజనాలయినాక మేమిద్దరం బొమ్మల వీడియోలూ, పొట్టి సినిమాలూ వెతికి వెతికి చూశాం. చూసినకొద్దీ బంతిని గురించిన నా సందేహం పెరుగుతూ వచ్చింది.

ఈ సందేహం అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులకు కూడా కలిగింది. ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనేవారు కలిసి చిన్న ఫిల్ము ఒకటి తయారుచేసి, 1944లో ఆ ప్రయోగాన్ని ప్రకటించారు. ఆ ఫిల్ములో ఉన్నవి ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక వృత్తం, తలుపులాగా తెరుచుకునే గీత గల ఒక పెట్టె. అంతే. త్రిభుజాలూ వృత్తమూ అటూ ఇటూ కదులుతవి. దానిని 34 మందికి చూపించి, "ఏం చూశారో రాయండి," అన్నారు. వారిలో ఒకే ఒక్కరు లెక్కల పాఠంలాగా, త్రిభుజం ఇటు జరిగింది, వృత్తం అటు జరిగింది అని రాశారు. తక్కినవారంతా వాటికి ప్రాణం ఉన్నట్టే రాశారు! పెద్ద త్రిభుజం దుర్మార్గుడట, వృత్తం భయపడి ఇంట్లో దాక్కున్నదట. ఈ ఫిల్ము ఇప్పుడు ఇంటర్నెట్టులో దొరుకుతుంది. మీరు చూడండి. అది వట్టి త్రిభుజమే అనుకుంటూ చివరిదాకా చూడటం మీ తరం అవుతుందేమో ప్రయత్నించండి. నా తరం కాలేదు.

అంటే, బొమ్మను ఆడించేవాడు సగం పనే చేస్తాడన్నమాట. తక్కిన సగం చూసేవాడి మనసు చేస్తుంది. కదలికను చూడగానే దాని వెనక ఒక కోరికను వెతకడం మన మనసుకు స్వభావం.

దీనికి విచిత్రమైన సాక్ష్యం మరొకటి కద్దు. లిథువేనియా దేశంలో కౌనాస్ అనే ఊళ్ళో ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలలో లడిస్లాస్ స్టారెవిచ్ అనే ఆయన పనిచేస్తూ ఉండేవాడు. కొమ్ములుండే పెద్ద పెంకుపురుగులు పోట్లాడుకునేటప్పుడు సినిమా తీయాలని ఆయన సరదాపడ్డాడు. అవి చీకట్లో తిరిగే పురుగులు. సినిమా దీపాల వేడికి అవి కదలటం మానేసినవి. చివరకు 1910లో ఆయన చచ్చిన పురుగులకే తీగలూ మైనమూ పెట్టి కాళ్ళు అమర్చి, కొంచెం జరపటం, ఒక ఫోటో తీయటం, మళ్ళీ కొంచెం జరపటం, మళ్ళీ ఫోటో, ఇలా తీశాడు. తెరమీద పురుగులు వీరుల్లాగా పోరాడినవి. 1912లో అలాగే "కెమెరామాన్ పగ" అనే కథ తీశాడు. చూసినవారిలో కొందరు, ఈయన పురుగులకు శిక్షణ ఇచ్చాడని నమ్మారట! బతికి ఉన్న పురుగులు నటించలేదు గాని చచ్చినవి నటించినవి, చూశారా?

ఇలా ఒక్కొక్క ఫోటో తీయటానికి ఎంత ఓపిక కావాలో లెక్కవేద్దాం. పలకలు తీయండి. జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆమె నల్ల అట్టను కత్తిరించి నీడబొమ్మలు చేసి, 1923 నుంచి 1926 దాకా కష్టపడి "రాకుమారుడు అహమ్మదు సాహసాలు" అనే సినిమా తీసింది. స్టూడియో ఏదనుకున్నారు? పోట్స్‌డామ్‌లో ఒక బాంకరు కారు షెడ్డు మీది గది! కింద దీపం, పైన గాజుపలక, దానిమీద బొమ్మలు, నెత్తిన కెమెరా. సినిమా సుమారు 65 నిమిషాలు. సెకనుకు 24 బొమ్మల చొప్పున అయితే? 65ను 60తో గుణించి, మళ్ళీ 24తో గుణించండి: 93,600. ప్రతిసారీ బొమ్మ చెయ్యో, కాలో గోరంత జరపాలి. పూర్తి నిడివి గల యానిమేషన్ సినిమాల్లో ఈనాటికి మిగిలి ఉన్నవాటిలో ఇదే అన్నిటికన్న పాతది. ఆమె వేళ్ళతో కత్తెర ఎలా తిప్పేదో చూపించే పొట్టి సినిమా ఒకటి 1970లో తీశారు. నాకు పెద్ద సినిమాకన్న అదే ఎక్కువ నచ్చింది.

అది చూస్తూ ఉంటే మా మనవరాలు, "ఇవి మన తోలుబొమ్మల్లా ఉన్నాయి తాతయ్యా!" అన్నది. నిజమే గాని ఒక తేడా ఉన్నది. ఆమె బొమ్మలవి నల్లని నీడలు. మనవాళ్ళు తోలును కాంతి దూరేటంత పలచగా గీకి రంగులు వేస్తారు గనక మన తెరమీద నీడకు కూడా రంగు ఉంటుంది! భుజం, మోచేయి, మోకాలు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. బొమ్మను తెరకు ఆనిస్తే గీత స్పష్టంగా ఉంటుంది. వెనక్కు, దీపంవైపు లాగితే నీడ పెరిగి, అంచులు చెదిరిపోతవి. దీపం ఒక చుక్క కాదు, దానికి వెడల్పు ఉన్నది. ఆ వెడల్పులో ఒక్కొక్క చోటినుంచి వచ్చే కాంతి ఒక్కొక్క చోట నీడను పడవేస్తుంది. హనుమంతుడు పెరిగినప్పుడు మా ఊళ్ళో తెరంతా ఆయనే! నేను అప్పటికి నిద్రపోతూ ఉంటే మా నాన్న లేపి చూపించాడు.

శ్రీ సత్యసాయి జిల్లా, ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ కళాకారుల కుటుంబాలు ఉన్నవి. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడించే ఆటలు తగ్గిపోయి, ఆ చేతులే ఇప్పుడు తోలు దీపపు గొడుగులు కూడా చేస్తున్నవి. దీపపు గొడుగులు అందంగా ఉంటవి, కాదనను. కాని వాటికి మోచేతులుండవు. వీడియోలో ఆట చూసిన తరవాత, పెద్దలు వీలు చూసుకుని పిల్లలను ఒక్కసారి నిజమైన తెర ముందుకు తీసుకుపోవాలని నా కోరిక. బల్లచెక్కను తొక్కే చప్పుడు ఫోనులో సగం కూడా వినిపించదు.

ఇక బొమ్మల వీడియో చూసేటప్పుడు ఏం గమనించాలి? మొదటిది చూపు. ఒకసారి ఏడో తరగతిలో నేను నల్లబల్లమీద లెక్క చేస్తున్నాను. వెనక బెంచీలో కిచకిచలు వినిపించినవి. తిరిగి చూస్తే ఒక కుర్రవాడు పిడికిలికి సిరాతో కళ్ళు పెట్టాడు. బొటనవేలు కింది పెదవి. నా సుద్దముక్క ఎటు పోతే పిడికిలి అటు తిరుగుతున్నది. నేను ఆగితే అదీ ఆగి, తల ఒకపక్కకు వాల్చి ఆలోచిస్తున్నది. నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉన్నది. కుళాయి దగ్గరికి పంపి చెయ్యి కడుక్కురమ్మన్నాను. ఆ పీరియడంతా గుమ్మంలో నిలబెట్టాను. ఒబ్రజ్‌త్సోవ్ బంతి చేసిన పని ఆ పిడికిలి నా ఎదుటనే చేసింది. ఆ రోజు క్లాసులో నా లెక్కను అంత శ్రద్ధగా విన్నది అదొక్కటే! నేను లెక్క ఆపి, ఆ పిడికిలిని బల్ల దగ్గరికి పిలిచి జవాబు అడిగి ఉండవలసింది.

రెండోది బరువు. ఖాళీ డబ్బా ఎత్తే బొమ్మ ముందు వంగి, ఒకసారి ఆగి, కొంచెం వణికితే డబ్బా నిండా ఇసుక ఉన్నదని మనం నమ్ముతాం. మూడోది ఊపిరి. మంచి ఆటగాడి బొమ్మ ఊరికే ఉన్నప్పుడు కూడా శవంలాగా ఉండదు. చూసీ చూడనట్టు పైకీ కిందికీ ఆడుతుంది. వీడియోలో ఇదొక సౌకర్యం: ఆపి, వెనక్కు తిప్పి, నెమ్మదిగా నడిపి చూడవచ్చు. బొమ్మ తెర ముందు మనకు ఆ వీలు ఎప్పుడూ లేదు.

మీరూ చేయండి. ఖరీదయిన సామాను వద్దు. అమెరికాలో జిమ్ హెన్సన్ అనే కాలేజీ కుర్రవాడు 1955లో తన తల్లి పారేసిన కోటు గుడ్డతో, రెండుగా కోసిన పింగ్‌పాంగ్ బంతితో కెర్మిట్ అనే బొమ్మను చేశాడు. అది ప్రపంచమంతా తిరిగింది. అతను బొమ్మను ఆడిస్తూ, టెలివిజన్ తెరమీద అది ఎలా కనిపిస్తున్నదో చూసుకుంటూ ఉండేవాడు. మీరు ఫోనును పుస్తకాలకు ఆనించి నిలబెట్టి అదే పని చేయవచ్చు. ముందువైపు కెమెరా అద్దం మాదిరిగా చూపిస్తుంది గనక మొదట కుడి ఎడమలు తికమక పెడతవి. కంగారు పడకండి.

పాత మేజోడు ఒకటి చేతికి తొడగండి. దాన్ని కదపకండి! ముందు మీ ఊపిరితో పాటు అరంగుళం లేపి, దించండి. పదిసార్లు. తరవాత తలుపువైపు చూపించండి. అక్కడ ఏదో చప్పుడయినట్టు ఆగండి. అప్పుడు మీ అమ్మవైపు తిప్పండి. అమ్మ "ఏమిటి?" అని మిమ్మల్ని కాక మేజోడును అడిగితే, మీకు పని పట్టుబడినట్టే.

మా మనవరాలు వెళ్ళేటప్పుడు గుండీల కళ్ళ మేజోడు ఒకటి నా దగ్గర వదిలిపెట్టి వెళ్ళింది. ప్రతి ఆదివారమూ ఫోను చేసి, ముందు దాని క్షేమం అడిగి, తరవాత నా క్షేమం అడుగుతున్నది.