జూపిటర్ గుడి ఎవరికివ్వాలి?

మసీదు కింద ఏముందో తవ్వి చూద్దాం రమ్మంటున్నారు. సరే, వస్తాం. కానీ గునపం మా గుమ్మం దగ్గరే దిగి అక్కడే ఆగిపోవాలా? రోమ్ దాకా పోదాం పదండి.

అక్కడ పాంథియాన్ ఉంది. హేడ్రియన్ చక్రవర్తి కాలపు దేవళం. 608లో ఫోకస్ చక్రవర్తి దాన్ని పోపు నాలుగో బోనిఫేస్‌కి ఇచ్చేశాడు. మరుసటేడు మరియమ్మ పేర, వేదసాక్షుల పేర చర్చి అయింది. అలా అయినందుకే ఇంత చక్కగా మిగిలింది కూడా. సిసిలీలోని సిరాక్యూస్ చర్చి గోడల్లో ఎథీనా గుడి స్తంభాలు ఇవాళ్టికీ కనబడతాయి. ఏథెన్స్‌లో పార్థినాన్ అదే ఎథీనా గుడి, తర్వాత చర్చి, ఆ తర్వాత మసీదు. 1687లో వెనిస్ ఫిరంగిగుండు పడి అందులో దాచిన తుపాకిమందు పేలింది.

ఇదంతా ప్రేమగా జరిగిందని మేం అనం. 391 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో సెరాపిస్ గుడిని కూలగొట్టారు. 601లో పోపు గ్రెగరీ ఇంగ్లండుకి పంపిన జాబు మరీ గడుసుది. విగ్రహాలు పగలగొట్టండి, గుడి గట్టిగా ఉంటే ఉంచి పవిత్రజలం చల్లి వాడుకోండన్నాడు. జనం అలవాటుపడ్డ చోటికే వస్తారు మరి! రాజ్యం ఎవరిదైతే గుడి వాళ్లది.

మావాళ్లనీ వదలం. డమాస్కస్ ఉమయ్యద్ మసీదు చోట ఒకప్పుడు జూపిటర్ గుడి, తర్వాత చర్చి. 2020లో హగియా సోఫియాని మ్యూజియం నుంచి మళ్లీ మసీదు చేస్తే ఇక్కడ మురిసిపోయిన సాయిబులున్నారు. ఆ మురిపెంలో మాకు వాటా వద్దు.

గునపం పట్టినవాళ్లు మాత్రం పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయం వైపు చూడరు. ఆ ఏనుగు వీపులాంటి కప్పు బౌద్ధ చైత్యానిదని పురావస్తు పండితులు ఎప్పుడో చెప్పారు. ఏ బౌద్ధుడూ దాన్ని ఖాళీ చెయ్యమనలేదు.

రోమ్‌కీ మనకీ ఒక తేడా ఉంది. జూపిటర్‌ని కొలిచిన ఆ పాత రోమన్లు మిగల్లేదు, పాంథియాన్ తిరిగిమ్మని అడిగే నోరు లేదు. ఇక్కడ అడిగేవాళ్లున్నారు, వాళ్ల వెనక రాజ్యం ఉంది. ఖాళీ చెయ్యాల్సిన మేమూ బతికే ఉన్నాం.

1991 ప్రార్థనా స్థలాల చట్టం 1947 ఆగస్టు 15 దగ్గర గీత గీసి, అయోధ్యని మాత్రం బయట ఉంచింది. 1992లో బాబ్రీని కూల్చారు. కూల్చడం చట్టవిరుద్ధమంటూనే 2019లో సుప్రీంకోర్టు స్థలాన్ని గుడికిచ్చింది. అదే తీర్పులో 1991 చట్టాన్ని మెచ్చుకుంది. మూడేళ్లు తిరక్కుండానే, 2022 మేలో, వారణాసి జ్ఞానవాపిలో సర్వే అయింది, వజూఖానాకి సీలు పడింది. నమాజుకి ముందు మావాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునే హౌజు అది.