మన వంటిల్లు: పనిదినపు రాత్రికి ఖైమా పాస్తా



పొలము నుండియో, బడి నుండియో, కుట్టుమిషను దగ్గర నుండియో ఏడు గంటలకు ఇల్లు చేరిన తల్లి మరల పొయ్యి ముందు నిలువవలసి వచ్చుట మన కుటుంబములలో మేము తరచుగా చూచుచున్నాము. అన్నము, కూర, చారు అయ్యేసరికి పిల్లలు తూగుచుందురు. అట్టి రాత్రికి పనికివచ్చే వంట ఒకటి ఈ నెల వ్రాయుచున్నాము. విదేశములలోనున్న మన పిల్లలు ఫోనులో "ఈ పూట పాస్తా" అని చెప్పేది ఇదే.

దీని పుట్టినిల్లు ఇటలీ. బొలోన్యా పట్టణము వారు ఈ మాంసపు కూరను రాగూ అందురు. 1982 అక్టోబరు 17న ఇటలీ వంటల అకాడమీ వారు దీని విధానమును ఆ పట్టణ వాణిజ్య మండలిలో నమోదు చేయించారు; 2023లో సవరించారు. వంటకు ఇంత దస్తావేజా అని నవ్వు వచ్చును గాని, అమ్మచేతి వంట మీద పట్టింపు ఎవరికి లేదు? అందులో పశుమాంసము, పందిమాంసము, ఉల్లి, క్యారెట్, కొంచెము టమాటా, ద్రాక్షారసము, పాలు ఉండును. సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికింతురు. అమెరికాకు వలసపోయిన ఇటలీవారికి స్వదేశములో కరువైన మాంసము అక్కడ చవకగా దొరికినది గనుక, స్పగెట్టి మీద మాంసము, టమాటా ధారాళముగా వేయుట అలవాటైనది. మనకు గంటలు లేవు; వలసవారి దారియే మేలు. ద్రాక్షారసము విడిచిపెట్టండి. పాలు, మాంసము కలుపుట మన పెద్దలకు గిట్టదు, అదియు మానవచ్చును.

ఐదుగురికి 300 గ్రాముల ఖైమా, 400 గ్రాముల మకరోనీ చాలును. పొట్లము మీద సూజీ లేక డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉన్నది తీసికొనండి. మైదాది త్వరగా ముద్దయిపోవును. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు, ఒక క్యారెట్ మెత్తబడనిచ్చి ప్రక్కకు తీయండి. ఉల్లిపాయలు తరుగుట ఇంటాయన చేయవచ్చును, టీవీ చూస్తూనైనా సరే. ఇప్పుడు పెద్ద మంట మీద ఖైమాను పరచి రెండు మూడు నిమిషములు కదపకండి. ముందు నీరు ఊరును. అది ఇగిరి, చిటపటమని చప్పుడు మారి, అడుగు ఎర్రబడాలి. రుచి అంతయు ఇక్కడే ఉన్నది. తొందరపడితే ఉడికిన మాంసమే గాని వేగిన మాంసము కాదు. తరువాత వెల్లుల్లి, ఉల్లి, నాలుగు పండు టమాటాలు, ఉప్పు, మిరియాలపొడి, అరగ్లాసు నీళ్లు వేసి మూతపెట్టండి. కోడి ఖైమా పావుగంటకు, వేట ఖైమా అరగంటకు అగును.

రెండవ పొయ్యి మీద నాలుగు లీటర్ల నీళ్లు మరిగించి, రెండు పెద్ద చెంచాల ఉప్పు వేసి మకరోనీ వేయండి. ఒకటే పొయ్యి ఉన్నవారు కూర దించిన తరువాత పెట్టుకొనవచ్చును. పొట్లము మీది సమయమునకు రెండు నిమిషములు ముందే అన్నము వార్చినట్లు వార్చి, ఆ గంజి రెండు గరిటెలు ఉంచండి. చల్లని నీళ్లతో కడుగవద్దు. మకరోనీని కూరలో వేసి గంజి పోసి రెండు నిమిషములు కలిపితే, గంజిలోని పిండి వలన కూర ప్రతి గొట్టమునకు పట్టుకొనును.

ఈ వంట మాకు నచ్చుటకు వేరొక కారణము కలదు. మాంసము వండిన రోజున ముక్కలు మగవారి కంచములోనికి, పులుసు ఆడవారి కంచములోనికి పోవుట మన ఇండ్లలో క్రొత్త సంగతి కాదు. ఆఖరున తినే తల్లికి అడుగున మిగిలిన మసాలాయే. రక్తము తక్కువైన గర్భిణులు, ఎదిగే ఆడపిల్లలు కూడ ఆ వరుసలోనే ఉందురు. మాంసములోని ఇనుము ముందు కావలసినది వారికే. ఖైమా కలిపిన మకరోనీలో ముక్కలు ఏరి వడ్డించుట సాధ్యము కాదు. అయితే బాణలిలో విడిగా పైపైన వేయక, అంతయు కలిపిన తరువాతనే కంచములు వరుసగా పెట్టి, వండిన ఆమె కంచము కూడ వాటితోనే నింపండి. వేడి తగ్గితే మకరోనీ గట్టిపడును గనుక, అందరు ఒకేసారి కూర్చొనవలసినదే.