లంక బడికి డబ్బెవరు పెడతారు?



"లంక పిల్లలకు వాళ్ల సంస్కృతిలోనే తొలి చదువు చెప్పాలి." సెమినార్లలో ఈ మాట తరచూ వింటున్నాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి, తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. నాకది తియ్యగానే ఉండాలి. కానీ వినగానే నోటికొచ్చేది ఒక్కటే ప్రశ్న: దానికి డబ్బెంత పెడతారు?

నేనుండేది భవానీపురం. ఇక్కడి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి టూరిజం బోట్లు తిరుగుతాయి. టికెట్ కౌంటర్, లైఫ్ జాకెట్లు, అవతల రిసార్టు. సరదాకి ఏరు దాటేవాళ్ల కోసం బోటు ఖర్చు ప్రభుత్వానికి ఒక లెక్క. అదే కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. నాగాయలంక మండలంలో ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ. ఏటిమొగ–ఎదురుమొండి వంతెన ఎన్నిసార్లు హామీ అయిందో దివిసీమ వాళ్లనే అడగండి. 1977 నవంబర్ 19 ఉప్పెనను అక్కడి ముసలివాళ్లు ఇంకా మర్చిపోలేదు. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు దిగువ లంకల వాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకున్నారు. లంకల్లో బతికేది ఎక్కువగా మనవాళ్లే. దళితులు, యానాదులు, వేట మీద బతికే కులాలు.

వాళ్ల పిల్లల తొలి చదువు ఎవరి దయా కాదు. చట్టం ఉంది. 2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య బాధ్యతను 45వ అధికరణంలో రాజ్యం మీద పెట్టింది. ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేని ఊరు అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని, ఎస్సీ ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలని 2006 డిసెంబర్ 13న సుప్రీంకోర్టు చెప్పింది. చిన్న లంకలో నలభై మంది పిల్లలు ఉండకపోవచ్చు. దానికీ దారి ఉంది. గిరిజన, కొండ, నదీ ప్రాంతాల్లో 300 జనాభాకే ఒక కేంద్రం, 150 ఉంటే మినీ కేంద్రం పెట్టొచ్చని కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి.

ఏరు అడ్డం ఉందని జనాభా లెక్క తగ్గించారు సరే. ఏరు అడ్డం ఉందని ఖర్చు లెక్క పెంచారా? గుడ్లు, పాలు, బియ్యం పడవెక్కాలి. గ్యాస్ సిలిండర్ పడవెక్కాలి. సూపర్‌వైజర్ పడవెక్కాలి. ఆ పడవ కిరాయి ఏ పద్దులో ఉంది? పద్దు లేకపోతే అది టీచరమ్మ జీతంలోంచో, పిల్లల పళ్లెంలోంచో పోవాల్సిందే. సక్షమ్ అంగన్‌వాడీ–పోషణ్ 2.0కి కేంద్రం 2021–22 బడ్జెట్‌లో 20,105 కోట్లు చూపించింది. 2024–25లో 21,200 కోట్లు. మూడేళ్లలో పెరిగింది ఐదు శాతం పైచిలుకు. ఆ మూడేళ్లలో వంట నూనె ధర ఎంత పెరిగిందో మీ అమ్మనడగండి.

ఇక సంస్కృతి సంగతి. 1953లో, మనమింకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, రాజాజీ ఒక పథకం తెచ్చాడు. పిల్లలకు పూటబడి చాలు, మిగతా పూట ఇంట్లో అమ్మానాన్నల పని నేర్చుకోవాలన్నాడు. ద్రావిడ ఉద్యమం దాన్ని కులవిద్య అని తేల్చి తిప్పికొట్టింది. 1954లో కామరాజ్ రద్దు చేశాడు. ఆ పథకం బలం ఎక్కడుందో తెలుసా? దాంతో బడి ఖర్చు తగ్గుతుంది! సంస్కృతి పేరు చెప్పి ఖర్చు తగ్గించే ప్రతివాడిలో నాకు ఆ పూటబడే కనిపిస్తుంది. అందుకే 2019లో ఇంగ్లీష్ మీడియం జీవో వచ్చినప్పుడు, తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మన పిల్లల తెలుగు కోసం ఏడ్చినవాళ్లను నేను నమ్మలేదు. మన పిల్లలకు ఇంగ్లీష్ కావాలి. బాగా కావాలి.

కానీ మూడేళ్ల పిల్ల చదువు ఆమె ఇంటి మాటలోంచే మొదలవ్వాలి. లంకలో పెరిగే పిల్లకి ఆటూ పోటూ తెలుసు. పీతను ఎటు పట్టుకుంటే కరవదో తెలుసు. పెద్దవి, చిన్నవి వేరుచేయడం ఆటలోనే వచ్చు. అది లెక్క కాదా? అలాంటి పిల్లకి రోడ్డే లేని ఊళ్లో ట్రాఫిక్ సిగ్నల్ చార్టు చూపించి రంగులు నేర్పితే, తనకేమీ రాదని ఆ పిల్ల మొదటి రోజే నేర్చుకుంటుంది. ఆమె మాటను "తప్పు" అని దిద్దితే రెండో రోజు నోరు మూసుకుంటుంది. పీతతో మొదలైన లెక్క పీత దగ్గరే ఆగాలని కాదు. ఆ లెక్కతోనే ఆమె ఇంజనీరు కావాలి.

అసలు వాళ్లు చెప్పే సంస్కృతి ఏది? సంక్రాంతి ముగ్గు, గొబ్బిపాట. ఎండుచేపల వాసన మాత్రం సంస్కృతి కిందకి రాదు. యానాది తాత చెప్పే కథ రాదు. మాలపల్లె జోలపాట రాదు. ఏది సంస్కృతో తేల్చే అధికారం కూడా నిధులతో పాటు వాడకే రావాలి.

అంగన్‌వాడీ పుట్టిందే వాడలో. 1945లో బోర్డీలో తారాబాయి మోదక్ బాలబడి పెట్టింది. దళితవాడ పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లింది. గవ్వలు, ఆకులు, గింజలే పాఠాలయ్యాయి. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పుడు ఆ వాకిలి పేరు తీసుకున్నారు. ఆ వాకిట్లో పాఠం చెప్పే మనిషికి మాత్రం ఉద్యోగి అన్న పేరివ్వలేదు. జీతం కాదు, "గౌరవ వేతనం". మన రాష్ట్రంలో 11,500 మీద బతుకుతూ 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు రోడ్డు మీద కూర్చుంటే ఎస్మా ప్రయోగించారు. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ!

న్యూజిలాండ్‌లో మావోరీలు 1982లో తమ భాష బతికించుకోవడానికి కొహంగ రియో బడులు పెట్టుకున్నారు. అమ్మమ్మలే గురువులు. ప్రభుత్వం మెచ్చుకుంది. నిధుల దగ్గర మాత్రం తన కొలతే పెట్టింది. ఆ కొలత మావోరీలకు అన్యాయం చేసిందని 2012లో అక్కడి వైతాంగి ట్రిబ్యునలే తేల్చింది. మెచ్చుకోలు ఎక్కడైనా ఉచితమే.

కాబట్టి అడుగుదాం. లంక కేంద్రాలకు పడవ ఖర్చు విడిగా పద్దు కావాలి. ఆ లంక ఆడబిడ్డే టీచరు కావాలి, ఆమెకు శిక్షణ, పూర్తి జీతం కావాలి. కథ చెప్పే తాతకి, పాట పాడే అవ్వకి రోజు కూలి కట్టివ్వాలి. వరదకు మునగని ఎత్తులో గది కావాలి. డబ్బెక్కడిదంటారా? 2013 సబ్‌ప్లాన్ చట్టం ఉంది, 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఎస్సీ ఎస్టీ మనుషులకు, కుటుంబాలకు, ఆవాసాలకు నేరుగా, లెక్కకందేలా మేలు చేసే ఖర్చే అందులో రాయాలంటుంది ఆ చట్టం. లంక బడి కంటే నేరుగా అందే మేలు ఏముంది?

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఈ సెలవుల్లో మీ దగ్గరి లంకకి వెళ్లండి. ఆరేళ్లలోపు పిల్లల్ని లెక్కపెట్టండి. పడవ కిరాయి ఎవరు కడుతున్నారో టీచరమ్మనడిగి రాసుకోండి. ఆ రెండు అంకెలతో సమాచార హక్కు దరఖాస్తు ఎలా వేయాలో వచ్చే భాగంలో రాస్తాను.